ఇన్సూరెన్స్ ఉంది సరే, ఎంతవరకు?

అమెరికాలో కారు ఇన్సూరెన్స్ కొన్నవాళ్లకు కంపెనీ పంపే కాగితాల్లో మొదటిదాన్ని డెక్లరేషన్స్ పేజీ అంటారు. పేరు, కారు నంబరు, ప్రీమియం వివరాల కింద బాడిలీ ఇంజురీ లయబిలిటీ అని ఒక వరుస ఉంటుంది. దాని ఎదురుగా రెండు అంకెలు, మధ్యలో ఒక ఏటవాలు గీత. టెక్సాస్‌లో అన్నిటికన్నా చౌక పాలసీ తీసుకున్న మన విద్యార్థి పేజీలో అక్కడ 30,000/60,000 అని కనిపిస్తుంది. కింది వరుసలో ప్రాపర్టీ డ్యామేజ్ ఎదురుగా 25,000 ఉంటుంది. అక్కడివాళ్లు ఈ మూడింటినీ కలిపి 30/60/25 అని క్లుప్తంగా చెబుతారు. మన కారు వల్ల ఎవరికైనా దెబ్బలు తగిలితే కంపెనీ ఒక్కో మనిషికి గరిష్ఠంగా 30 వేల డాలర్లు ఇస్తుంది. ఎంతమందికి దెబ్బలు తగిలినా ఆ ప్రమాదం మొత్తానికి కలిపి 60 వేలకు మించదు. అవతలి కారు, గోడ, కరెంటు స్తంభం లాంటి ఆస్తి నష్టానికి 25 వేలతో సరి. ఆ పైన ఎంతైనా అది బండి నడిపిన మనిషి బాకీ. విదేశాల్లో స్టీరింగు పట్టుకునే తెలుగువాళ్లలో చాలామంది ఈ చివరి మాట తెలియకుండానే రోడ్డెక్కుతున్నారు. అది వాళ్ల అజాగ్రత్త అని నేను అనుకోను. మన దేశపు చట్టం మనకు నేర్పిన అలవాటు అది.

మన దగ్గర సంగతి ఇలా ఉంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డు మీదికి రాకూడదు. ఆ పాలసీ ఉంటే చాలు, ప్రమాదంలో అవతలి మనిషి చనిపోయినా గాయపడినా కంపెనీ చెల్లించాల్సిన సొమ్ముకు పై హద్దు లేదు. పోయిన మనిషి వయసు, సంపాదన, మీద ఆధారపడినవాళ్ల సంఖ్య చూసి ట్రిబ్యునల్ లెక్క కడుతుంది. ఆ లెక్క ఎలా కట్టాలో సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేథీ కేసులోను ఒక పద్ధతి ఏర్పరిచింది. తేలిన మొత్తం పది లక్షలైనా రెండు కోట్లయినా కంపెనీదే భారం. ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల హద్దు ఉంది. డ్రైవరు లైసెన్సులో తేడా ఉన్న కేసుల్లో కూడా ముందు బాధితుడికి చెల్లించి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు కంపెనీలను ఆదేశించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఇలాంటి చోట 'ఇన్సూరెన్స్ ఉందా లేదా' అన్న ఒక్క ప్రశ్న సరిపోతుంది. ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు ఫోన్లో కాగితం చూపించగలిగితే పని అయిపోయినట్టే. ఎక్కడ తక్కువకు వస్తే అక్కడ కొనడంలోనూ తప్పు లేదు, ఎందుకంటే థర్డ్ పార్టీ రక్షణ ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే.

అదే మనిషి డాలస్‌లోనో ఎడిసన్‌లోనో దిగి పాత కారు కొంటాడు. రూమ్మేట్లను అడిగి అన్నిటికన్నా తక్కువ ప్రీమియం పాలసీ తీసుకుంటాడు. ఇంటి దగ్గర చేసిన పనే ఇక్కడా చేశానని అనుకుంటాడు. నిజానికి అతను కొన్నది వేరే సరుకు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత పాలసీలో రాసిన అంకె దగ్గర ఆగుతుంది. కనీసం ఎంత ఉండాలో రాష్ట్రం చెబుతుంది, అంతకన్నా ఎక్కువ కొనుక్కోవాలా వద్దా అన్నది కొనేవాడి ఇష్టం. చట్టం అడిగే ఆ కనీస మొత్తం రిజిస్ట్రేషన్ కోసం పెట్టిన షరతు మాత్రమే. ప్రమాదం జరిగితే నిజంగా ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి పెట్టింది కాదు.

ఈ మాటకు రుజువు ఆ అంకెల చరిత్రలోనే ఉంది. కాలిఫోర్నియాలో 1967లో పెట్టిన 15/30/5 హద్దు 2024 చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఆస్తి నష్టానికి 5 వేల డాలర్లంటే ఈ రోజుల్లో ఒక కారు ముందు భాగం బాగుచేయించడానికే చాలకపోవచ్చు. దాదాపు అరవై ఏళ్లలో ఆసుపత్రి బిల్లులు ఎక్కడికో వెళ్లిపోయినా చట్టంలో అంకె కదల్లేదు. చివరికి 2025 జనవరి 1 నుంచి 30/60/15 చేశారు, 2035లో మరోసారి పెంచాలని అదే చట్టంలో రాసుకున్నారు. వర్జీనియా కూడా 2025 జనవరి 1 నుంచే 50/100/25కు వెళ్లింది. నార్త్ కరోలినా 2025 జూలై నుంచి 50/100/50 చేసింది. న్యూజెర్సీ 2023లో ఒకసారి, 2026 జనవరిలో మరోసారి పెంచి 35/70/25 దగ్గరికి వచ్చింది. పాతవి చాలవని ఆయా రాష్ట్రాలే ఒప్పుకున్నట్టు ఇది. పెంచిన తర్వాత కూడా అవి ఎంత చిన్నవో యూరప్‌తో పోల్చి చూస్తే తెలుస్తుంది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం గాయాలకు కనీస రక్షణ ఒక్కో బాధితుడికి 13 లక్షల యూరోలు, లేదా ప్రమాదం మొత్తానికి 64.5 లక్షల యూరోలు. జర్మనీ 75 లక్షల యూరోలు పెట్టింది. బ్రిటన్‌లోను ఫ్రాన్స్‌లోను గాయాలకు మన దేశంలో లాగే హద్దే లేదు. ఇక డిస్నీ వరల్డ్ చూడటానికి మన కుటుంబాలు ఎక్కువగా వెళ్లే ఫ్లోరిడాలో, సొంత గాయాల ఖర్చుకు 10 వేలు, అవతలివాళ్ల ఆస్తి నష్టానికి 10 వేలు ఉంటే మామూలు కారుకు చట్టం ప్రకారం చాలు. ఎదుటి మనిషికి తగిలే దెబ్బలకు ఇన్సూరెన్స్ తీసుకోవాలని అక్కడ మామూలు డ్రైవర్లకు నిర్బంధమే లేదు.

ఒక ఊహా ప్రమాదాన్ని తీసుకుని లెక్క వేద్దాం. టెక్సాస్‌లో 30/60/25 పాలసీ ఉన్న కుర్రాడు సిగ్నల్ దగ్గర ఎడమ వైపు తిరుగుతూ ఎదురుగా వస్తున్న కారును గమనించలేదు. అవతలి కారులో ముగ్గురున్నారు. నడుపుతున్న ఆయన కాలు విరిగి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతం కలిపి 90 వేల డాలర్లు తేలింది. పక్కనున్న ఆమెకు 25 వేలు, వెనక కూర్చున్న మనిషికి 20 వేలు. మొత్తం ఒక లక్షా 35 వేలు. మనిషికి 30 వేల హద్దు వల్ల మొదటి ఆయన వాటా 30 వేలకు కుదించుకుపోయింది. 30, 25, 20 కలిపితే 75 వేలు కావాలి కదా, ప్రమాదం మొత్తానికి ఉన్న 60 వేల హద్దు అది కూడా ఇవ్వనివ్వదు. అంటే గాయాల లెక్కలోనే 75 వేలు మిగిలింది. అవతలి కారు కొత్తది, పూర్తిగా పాడైంది. అమెరికాలో కొత్త కారు సగటు ధర 2024లో 48 వేల డాలర్ల దరిదాపుల్లో ఉండేది కాబట్టి అదే వేసుకుందాం. కంపెనీ 25 వేలు ఇస్తే ఇంకా 23 వేలు బాకీ. రెండూ కలిపి 98 వేల డాలర్లు, మన రూపాయల్లో 80 లక్షలు దాటిన అప్పు. ఆ కుర్రాడు తాగి నడపలేదు, వేగంగా వెళ్లలేదు, ఇన్సూరెన్స్ లేకుండానూ లేడు. అదే 100/300/100 పాలసీ ఉండి ఉంటే ఈ మొత్తమంతా కంపెనీయే కట్టేది, అతని మీద ఒక్క డాలరు పడేది కాదు.

'మాది ఫుల్ కవరేజ్' అని ధైర్యంగా ఉండేవాళ్లు కూడా ఒకసారి ఆ పేజీ తీసి చూడాలి. ఈ మాట చేసినంత మోసం ఇంకేదీ చేయలేదు. ఫుల్ కవరేజ్ అంటే లయబిలిటీకి తోడు మన సొంత కారుకు కొలిజన్ (గుద్దుకున్నప్పటి నష్టం), కాంప్రిహెన్సివ్ (దొంగతనం లాంటి నష్టాలు) కూడా ఉన్నాయని అర్థం, అంతే. అవతలివాళ్లకు చెల్లించే హద్దు గురించి ఆ మాట ఏమీ చెప్పదు. లోను మీద కారు కొన్నప్పుడు బ్యాంకు పట్టుబట్టేది కారును కాపాడే భాగం కోసమే. అందుకే 40 వేల డాలర్ల కారుకు పూర్తి రక్షణ తీసుకుని, మనుషులకు తగిలే దెబ్బలకు మాత్రం 30/60తో సరిపెట్టుకున్న పాలసీలు ఉంటాయి.

చుట్టపుచూపుగా వెళ్లేవాళ్ల విషయం ఇంకా చిక్కు. ఆరు నెలలు ఉండటానికి వెళ్లిన నాన్నగారు మన లైసెన్సుతో, ఆర్టీఓ ఇచ్చిన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌తో కొడుకు కారు తీస్తారు. ఆ పర్మిట్ లైసెన్సుకు అనువాదం లాంటిది, ఇన్సూరెన్స్‌తో దానికి సంబంధం లేదు. ఓనరు అనుమతితో నడిపేవాళ్లకు అమెరికన్ పాలసీలు మామూలుగా వర్తిస్తాయి. కానీ కొన్ని చౌక పాలసీలు పేరు రాయించుకున్న డ్రైవర్లకే పరిమితం అవుతాయి. మరికొన్ని ఇతరులు నడిపినప్పుడు హద్దును రాష్ట్ర కనీసానికి దించేస్తాయి. పైగా అదే ఇంట్లో నెలల తరబడి ఉండే మనిషి పేరు కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ వచ్చిన రోజు పేచీ మొదలవుతుంది. బయల్దేరేముందు ఇక్కడ కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆదుకుంటుందనుకోవద్దు. అందులో పర్సనల్ లయబిలిటీ అని ఉన్నా, మోటారు వాహనం నడపడం వల్ల వచ్చే బాధ్యతను సాధారణంగా మినహాయిస్తారు.

రెంటల్ కౌంటర్ దగ్గర జరిగే పొరపాటు వేరు. అక్కడి గుమాస్తా డ్యామేజ్ వేవర్ కావాలా అని అడుగుతాడు, క్రెడిట్ కార్డు చూసుకుంటుందిలే అని మనవాళ్లు వద్దంటారు. కార్డు ఇచ్చే రక్షణ, వేవర్ ఇచ్చే రక్షణ రెండూ ఆ అద్దె కారుకు తగిలే సొట్టల కోసమే. అవతలి మనుషులకు తగిలే దెబ్బలను ఈ రెండింటిలో ఏదీ పట్టించుకోదు. ఆ భాగానికి రెంటల్ కంపెనీ ఏదైనా ఇస్తే అది మామూలుగా రాష్ట్ర కనీసం దగ్గరే ఉంటుంది. కారు కంపెనీదే కదా, వాళ్ల మీదే దావా పడుతుందిలే అనుకోవడానికీ లేదు. గ్రేవ్స్ సవరణ అనే 2005 నాటి ఫెడరల్ చట్టం, రెంటల్ కంపెనీ తప్పు లేనప్పుడు కేవలం ఓనరన్న కారణంతో దాన్ని బాధ్యుణ్ని చేయకూడదంది. కాబట్టి అమెరికాలో సొంత పాలసీ లేని సందర్శకుడు కౌంటర్ దగ్గర ఒక్కటే కొనగలిగితే సప్లిమెంటల్ లయబిలిటీ కొనాలి. అది మామూలుగా 3 లక్షల నుంచి 10 లక్షల డాలర్ల దాకా ఇస్తుంది. కారుకు సొట్ట పడితే భరించుకోవచ్చు. మనిషి కాలు విరిగితే వచ్చే అప్పు భరించలేం.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది ఖర్చు. నెలకు వచ్చే స్టైపెండ్‌లో అద్దె, తిండి పోను మిగిలేదెంతో తెలిసినవాళ్లెవరూ ఈ మాటను తీసిపారేయకూడదు. కానీ ప్రీమియం ఎలా లెక్క కడతారో చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం చిన్నవి. మొదటి 30 వేలు తరచుగా ఖర్చయ్యే సొమ్ము, అందుకే అది ఖరీదు. తర్వాతి 70 వేలు అరుదుగా కదిలే సొమ్ము, అందుకే అది చౌక. హద్దును మూడు రెట్లు పెంచితే ప్రీమియం మూడు రెట్లు కాదు, అందులో చిన్న భాగమే పెరుగుతుంది. ఆ పెరిగిన దాన్ని సర్దుకోవడానికి సొంత కారు డిడక్టిబుల్‌ను (రిపేరులో ముందు మన జేబు నుంచి పెట్టుకునే సొమ్మును) 500 నుంచి 1,000 డాలర్లకు మార్చుకోవచ్చు. కారు మరీ పాతదైతే కొలిజన్ భాగాన్నే వదిలేయవచ్చు. ఓర్చుకోగల నష్టాన్ని మన దగ్గర ఉంచుకుని, ఓర్చుకోలేని దాన్ని కంపెనీకి అప్పగించాలి. మనవాళ్లు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

రెండో అభ్యంతరం: 'నా దగ్గర ఏముంది తీసుకుపోవడానికి?' చదువుకునే కుర్రాడి పేరున ఇల్లు ఉండదు, నిజమే. కానీ కోర్టు తీర్పు ఈ రోజు ఆస్తిని మాత్రమే చూడదు. టెక్సాస్‌లో అలాంటి తీర్పు 10 ఏళ్లు చెల్లుతుంది, గడువు తీరేలోగా దాన్ని పొడిగించుకోవచ్చు. ఆ పదేళ్లలో ఈ కుర్రాడు ఉద్యోగంలో చేరతాడు, ఇల్లు కొనాలనుకుంటాడు. చాలా రాష్ట్రాల్లో జీతంలో కొంత కోసుకుంటారు. ఫెడరల్ చట్టం దానికి చేతికొచ్చే జీతంలో 25 శాతం పై హద్దు పెట్టింది. టెక్సాస్‌లో జీతం నుంచి నేరుగా కోయలేరు గానీ, బ్యాంకు ఖాతాలో పడ్డాక ఆ డబ్బుకు అంత రక్షణ లేదు. తీర్పు బాకీ కట్టకపోతే లైసెన్సు సస్పెండ్ చేసే నిబంధన కూడా చాలా రాష్ట్రాల్లో ఉంది. 'ఇండియా వచ్చేస్తే ఏం చేస్తారు' అనేవాళ్లకు జవాబు మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. అమెరికా కోర్టు తీర్పును ఇక్కడ నేరుగా అమలు చేయలేరు. కానీ దాని ఆధారంగా 3 ఏళ్లలోపు మన కోర్టులో దావా వేయవచ్చు. బ్రిటన్, సింగపూర్ తీర్పులైతే అంత ప్రయాస కూడా అక్కర్లేదు, సెక్షన్ 44ఏ కింద అక్కడి పై కోర్టుల డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టు ద్వారా అమలు చేసుకోవచ్చు. 2020 జనవరిలో యూఏఈ కూడా ఆ జాబితాలో చేరింది.

మూడో అభ్యంతరమే అసలు బలమైనది. అమెరికాలో అనుభవమున్న లాయర్లు, ఏజెంట్లు చెప్పేది ఏమిటంటే, బాధితుల లాయర్లు చాలా కేసుల్లో పాలసీ హద్దు దగ్గరే రాజీపడి ఊరుకుంటారని. అది నిజం. డబ్బు లేని మనిషి వెంటపడితే వాళ్లకు ఒరిగేదేమీ ఉండదు. పైగా హద్దు లోపల న్యాయమైన రాజీ ప్రతిపాదన వస్తే కంపెనీ దాన్ని మొండిగా తిరస్కరించకూడదు. అలా చేసి తర్వాత పెద్ద తీర్పు వస్తే ఆ అదనపు మొత్తం కంపెనీయే భరించాలని టెక్సాస్‌లో 1929 నాటి స్టోవర్స్ కేసు స్థిరపరిచింది. కోర్టులో మన తరఫున లాయర్‌ను పెట్టేదీ కంపెనీయే. ఇవన్నీ ఒప్పుకుంటూనే అంటున్నాను, పైన చెప్పిన ఊహా ప్రమాదంలో ముగ్గురు బాధితులున్నారు. 60 వేలు ముగ్గురికీ చాలవు. ఒకరితో 30 వేలకు రాజీ కుదిరితే, 45 వేలు రావాల్సిన మిగతా ఇద్దరికి మిగిలేది 30 వేలే. వాళ్లు దయతలచి ఊరుకుంటారన్న ఆశ మీద పాతికేళ్ల మనిషి తన భవిష్యత్తును పందెం కాయకూడదు. ఇంకో మాట కూడా గట్టిగా అనాలి. రాజీపడి ఊరుకున్న ఆ బాధితుడు కాలు విరిగిన మనిషి. మన తప్పు వల్ల జరిగిన నష్టానికి పరిహారం అందకుండా పోయిందంటే దాన్ని మన అదృష్టంగా లెక్కేసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు ఆ అవతలి కారు సీట్లలో మనవాళ్లను కూర్చోబెట్టి చూడండి. తప్పు అవతలివాడిది, దెబ్బలు మనకు. అతని దగ్గరా కనీస పాలసీయే ఉంటే మన ఆసుపత్రి బిల్లుకు వచ్చేది ఆ 30 వేలే. అతనికి ఇన్సూరెన్స్ లేకపోతే అదీ రాదు. అమెరికాలో ఇన్సూరెన్స్ లేకుండా నడిపేవాళ్లు 2019లో 12.6 శాతమని అక్కడి ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ అంచనా వేసింది, అంటే ఎనిమిదిలో ఒకరు. ఇలాంటప్పుడు ఆదుకునేది మన సొంత పాలసీలో ఉండే అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ భాగం. ప్రీమియం తగ్గించుకోవడానికి చాలామంది మొదట కొట్టేయించేది దాన్నే. చాలా రాష్ట్రాల్లో ఈ భాగాన్ని మన లయబిలిటీ హద్దు కన్నా ఎక్కువకు కొనుక్కోనివ్వరు. కాబట్టి అవతలివాళ్ల కోసం తీసుకునే అంకె చిన్నదైతే మన కోసం దొరికేదీ చిన్నదే అవుతుంది. సొంత ఇల్లు, పొదుపు సమకూరినవాళ్లు 250/500/100 దాకా వెళ్లి, దాని మీద 10 లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ (కారు పాలసీ హద్దు దాటాక ఆదుకునే అదనపు రక్షణ) తీసుకోవడం అక్కడ మామూలే.

సరిహద్దులు దాటేవాళ్ల విషయం కొద్దిగా చెప్పుకుంటే చాలు. అమెరికన్ పాలసీ కెనడాలో చెల్లుతుంది, అక్కడి కనీస హద్దుకు తనంతట తనే పెరుగుతుంది. ఆంటారియోలో ఆ కనీసం 2 లక్షల కెనడియన్ డాలర్లు. మెక్సికోలో చెల్లదు, అక్కడి కంపెనీ పాలసీ విడిగా కొనాల్సిందే. సౌదీ అరేబియాలో తప్పనిసరి పాలసీ కోటి రియాళ్ల దాకా బాధ్యత తీసుకుంటుంది. కానీ చెల్లే లైసెన్సు లేకుండానో మద్యం మత్తులోనో నడిపితే గల్ఫ్ కంపెనీలు బాధితుడికి కట్టి, ఆ సొమ్మును తర్వాత రాబట్టుకోవచ్చు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి డ్రైవరు పనికి వెళ్లేవాళ్లు ఆ దేశపు లైసెన్సు చేతికి రాకముందు యజమాని తొందరపెట్టినా బండి తీయకూడదు. ఇక మన కారుతో నేపాల్, భూటాన్ వెళ్లేవాళ్లకు ఇక్కడి పాలసీ సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. బయల్దేరే ముందు కంపెనీకి అదనపు ప్రీమియం కట్టి ఆ దేశాన్ని పాలసీలో చేర్పించుకోవాలి.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ వారం వీడియో కాల్‌లో మాట్లాడినప్పుడు కారు ఇన్సూరెన్స్ డెక్లరేషన్స్ పేజీ ఫొటో పంపమని అడగండి. బాడిలీ ఇంజురీ వరుసలో 100/300 కన్నా తక్కువ కనిపిస్తే పెంచమని చెప్పండి, కింద అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ వరుస ఖాళీగా ఉంటే దాన్నీ చేర్పించమనండి. రెన్యువల్ దాకా ఆగనవసరం లేదు. పాలసీ మధ్యలో ఏ రోజైనా ఏజెంటుకు ఫోన్ చేసి హద్దు పెంచుకోవచ్చు. పెరిగిన హద్దు ఆ తర్వాత జరిగే ప్రమాదాలకే వర్తిస్తుంది.